తట్టకు నూరు

ఆ ఏడు మా కాలేజీలో పట్టుపురుగులు నిద్ర మానేశాయి.

పట్టుపురుగు తన నెల రోజుల బతుకులో నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోతుంది. మా హిందూపురం పక్క దాన్ని జ్వరం అంటాం. జ్వరం లేచాక పాత చర్మం వదిలి మళ్లీ మేతకు దిగుతుంది. నలభై ఏళ్లు నా షెడ్డులో పురుగులు మేపాను. జ్వరం రాని పురుగును చూడలేదు. బోరు ఎండి మల్బరీ తోట పోయాక, డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అనసూయ మేడం నన్ను పురుగులు చూసుకునే పనికి పెట్టుకుంది. అక్కడ చూశాను.

మేడం కనిపెట్టింది ఒక చుక్క. జ్వరం లేచే పురుగు తలలో ఊరే రసం అది. దాన్నే గాజుబుడ్లలో తయారు చేసింది. ఆకు మీద చల్లితే పురుగు జ్వరానికి కూర్చోదు. మేస్తూనే చర్మం వదిలేస్తుంది. నాలుగు రోజులు ముందే గూడు కడుతుంది.

"నిద్ర చేసే పని ఈ చుక్క చేస్తుంది గంగులప్పా. ఇంక నిద్రతో పనిలేదు" అంది మేడం. "మనిషి తలలోనూ ఇట్లాంటిదే ఉంది."

నేను తట్టలు కడుక్కుంటున్నాను.

తస్లీమ్ జూన్‌లో వచ్చింది. బియ్యస్సీ మూడో ఏడు. ఒక పేపరుకు బదులు పరిశోధన చేస్తే నాలుగు క్రెడిట్లు ఇస్తామని నోటీసు పెట్టారు. తక్కిన పిల్లలు ఆ నాలుగూ కంప్యూటరు క్లాసులో తెచ్చుకున్నారు. ఈ పిల్ల ఒక్కతే మూడు రోజులు మేడం గది ముందు నిలబడింది.

"నీకెందుకమ్మా ఈ పురుగుల కంపు?" అని మేడం అడిగింది.

"మా అబ్బాది రీలింగు బట్టీ మేడం. గూళ్లు ఉడకేసి దారం తీస్తాడు. పుట్టినప్పట్నుంచీ ఉడికిన పురుగునే చూసినా. బతికుండేది చూడల్ల."

మేడం నవ్వి లావు నోటుబుక్కు ఒకటి చేతిలో పెట్టింది.

పన్నెండు తట్టలు. ఆరింటికి చుక్క చల్లిన ఆకు, ఆరింటికి వట్టి ఆకు. మూలన ఇంకో పెద్ద తట్టలో మిగులు పురుగులు. మొదటి రోజే ఆ పిల్ల నాకు చెప్పింది.

"తాతా, తట్టకు నూరు ఉండల్ల. ఎప్పుడు చూసినా నూరే. మర్చిపోవద్దు."

"ఊ" అన్నాను.

"ఊ అంటే?"

"నూరు."

"అబ్బ! నోట్లోంచి ముత్యం రాలింది!" అని నవ్వింది.

పురుగులు మేపేవాడు తెల్లారగానే తట్ట మీద చెయ్యి ఆడిస్తాడు. మందకొడిగా ఉన్నది, రంగు తిరిగింది, మేత ముట్టనిది వేలికే తెలుస్తుంది. దాన్ని ఏరి సున్నపు బొచ్చెలో వేస్తాడు. ఒక్కటి మిగిలితే తట్టంతా పోతుంది. పోతుందో ఉంటుందో తేలనిదాన్ని వేరే బుట్టలో వట్టి ఆకు వేసి పెడతాడు. తేరుకుంటే వెనక్కి, లేకపోతే సున్నానికి. ఇంకోటి, షెడ్డులో రోగం మాట నోటితో ఎత్తకూడదు. పురుగులు వింటాయని మా అమ్మ అనేది. వింటాయో వినవో, మాలో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. నోరు మూసుకుని ఏరి, గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తాం. తేరుకున్నదానికి ఆ గీత మీదే అడ్డగీత.

కాలేజీలోనూ అదే చేశాను. వేరే ఎట్లా చేయాలో నాకు తెలియదు. ఆరు గంటలకు వచ్చేవాణ్ని. ఏరేవాణ్ని. ఏరినన్ని మిగులు తట్టలోంచి తెచ్చి నూరు నింపేవాణ్ని. ఆకుల అర వెనక గోడ మీద గీతలు గీసేవాణ్ని. తస్లీమ్ బస్సు దిగి వచ్చేసరికి తొమ్మిది. ముక్కుకు గుడ్డ కట్టుకుని లెక్కపెట్టేది. నూరు. పక్క తట్ట, నూరు. రాసుకునేది.

చుక్క తట్టల్లో ఏరేవి వేరే రకంగా ఉండేవి. పాలరోగం కాదు, సున్నపు రోగం కాదు. చూడటానికి బలంగానే ఉండేవి. గూడు కట్టే పురుగు తల ఎనిమిది అంకెలాగ తిప్పుతుంది. ఆ తిప్పుడుకే దారం అల్లుకుంటుంది. ఇవి గూటికి రాకముందే, ఆకు మీదే కూర్చుని, దారం లేకుండా తల తిప్పేవి. ఊగి ఊగి, మేత మరిచి, ముడుచుకుపోయేవి. నలభై ఏళ్లలో అట్లాంటిది చూడలేదు. కానీ రోగం రోగమే. ఏరి బుట్టలో పెట్టాను. తేరుకున్నవి మిగులు తట్టకు, లేనివి సున్నానికి.

మూడు పంటలు తీశాం. మూడింట్లోనూ తస్లీమ్ నోటుబుక్కులో అన్నీ నూర్లే.

"ఒక్కటీ చావలేదా గంగులప్పా?" అని మేడం ఒకసారి కళ్లద్దాలు తీసి అడిగింది.

"మంచి మేపు మేడం" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆ నోటుబుక్కు బెంగుళూరు పోయింది. అక్కడొక మందుల కంపెనీ చుక్కను ఎలుకలకు పోసి చూస్తోంది. చాలాకాలం వాడితే ఏమవుతుందో ఎలుకలో తేలడానికి రెండేళ్లు పడుతుందట. పురుగుకు నెల చాలు. పుట్టుక నుంచి గూటి దాకా ఆ నెలలోనే అయిపోతుంది. అందుకని మా తట్టల లెక్కే వాళ్లకు ముఖ్యమైంది. మూడు పంటల్లో ఒక్క చుక్క పురుగూ చెడలేదు కాబట్టి మనుషుల మీద చూద్దామన్నారు. ఆరుగురు కావాలన్నారు.

నా కొడుకు అంజినప్ప లారీ తోలతాడు. మదనపల్లె టమోటా మద్రాసుకు. అంతకు ముందేడు పలమనేరు ఘాటులో కన్ను మూత పడి లారీ కల్వర్టును కొట్టింది. వాడికి చెయ్యి విరిగింది. క్లీనరు రాజా పోయాడు. అప్పటినుంచి వాడికి నిద్ర అంటేనే భయం. పడుకున్నా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు.

చుక్క సంగతి విని నా దగ్గరికొచ్చాడు. నేను కొడవలి నూరుకుంటున్నాను.

"నాయనా, పురుగులు బాగుండాయా?"

"బాగుండాయి."

"నిజంగా బాగుండాయా? నువ్వే కదా సాకింది."

"బాగుండాయి అంటి కదరా."

అంతే. వాడు పోయి సంతకం పెట్టాడు. ఇంకెవరినీ అడగలేదు. నాయన చెప్పాడు కదా అనుకున్నాడు.

మొదట్లో ఇల్లు పండగలా ఉండింది. అంజి ట్రిప్పు కొట్టి వచ్చి, పెరట్లో కట్టెలు కొట్టి, బిడ్డకు ఎక్కాలు చెప్పి, మళ్లీ బండెక్కేవాడు. మొహంలో అలుపు లేదు. ఘాటులో ఎదురొచ్చే ప్రతి బండి నంబరూ గుర్తుంటుందని చెప్పేవాడు. నా కోడలు భాగ్య నవ్వలేక ఏడవలేక ఉండేది.

"మన ఇంట్లో పనులన్నీ అయిపోయినాయి మామా. ఇప్పుడు పక్కింటోళ్ల గోడకు సున్నం కొడతాండాడు. వాళ్లకేమో ఆనందం. నాకేమో మొగుడు ఏడుండాడో వెతుక్కోవల్ల."

"ఏమే, పని చేస్తే తప్పా?" అని అంజి అక్కణ్నుంచే అరిచాడు.

"పని చెయ్యి. రవ్వంతసేపు ఊరికే కూడా కూర్చో. మనిషివి కదా."

వాడు ఊరికే కూర్చోలేడు. కూర్చుంటే కాలు ఆడేది. కాలు ఆగితే వేళ్లు ఆడేవి. చూస్తున్న నాకే కుదురు ఉండేది కాదు. లేచి బయటికి పోయేవాణ్ని.

తస్లీమ్ క్రెడిట్ల పరీక్ష నవంబరులో పెట్టారు. తన పని పెద్దల ముందు చెప్పి, అడిగినదానికి జవాబివ్వాలి. ఇందులో నెగ్గితే బెంగుళూరులో ఎమ్మెస్సీ సీటు ఖాయమని మేడం చెప్పింది. నోటుబుక్కు బెంగుళూరు నుంచి తిరిగొచ్చింది. ఆ పిల్ల వారం నుంచి తట్టల ముందు నిలబడి పాఠం అప్పజెప్పుకునేది. "మూడు పంటలు, పద్దెనిమిది వందల చుక్క పురుగులు, మరణాలు సున్నా." పురుగులు మేస్తుంటే వానచప్పుడు వస్తుంది. ఆ చప్పుడులో ఆ పిల్ల గొంతు.

పరీక్ష రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను. భాగ్య సంగటి ముద్దలు పెట్టింది. అంజి నా ఎదురుగా కూర్చున్నాడు. ముద్ద వాడి ముందు అట్లే ఉంది.

వాడి రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. స్టీరింగు పట్టుకున్నట్టు. కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, మళ్లీ కుడికి. ఘాటు మలుపులు. తల కూడా చేతులతో పాటు ఊగుతోంది. కుడికి, కిందికి, ఎడమకు, పైకి. ఎనిమిది అంకె.

"ఏం ఆటరా అది?" అన్నాను.

"ఏంది నాయనా?"

"చేతులు."

వాడు చేతులు చూసుకున్నాడు. ఆపాడు. నవ్వాడు. ముద్ద తుంచబోయాడు. తుంచకముందే చేతులు మళ్లీ లేచాయి. వాడికి తెలియదు.

"మొన్నట్నుంచీ ఇట్లే మామా" అంది భాగ్య. "బిడ్డను ఆడిస్తాండాడేమో అనుకుంటి."

నా వేళ్లు తమంతట తామే కదిలాయి, తట్ట మీద చెయ్యి ఆడించినట్టు. ఈ ఊగుడు నాకు తెలుసు. దీన్ని నేను ఎన్నిసార్లు ఏరానో గోడకు తెలుసు.

చెయ్యి కడగకుండానే లేచాను. వాకిట్లో ఉన్న చుక్క సీసా తీసి, మూత విప్పి, మట్టిలో పోసేశాను. "మామా!" అని భాగ్య అరిచింది. "చీకటి గదిలో పడుకోబెట్టు. బండి తాళం దాచిపెట్టు" అని చెప్పి, కాలేజీ దాకా పరుగు లాంటి నడక నడిచాను.

మేడం గదిలో నలుగురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. తస్లీమ్ తెర ముందు నిలబడి ఉంది. మంచి పంజాబీ డ్రెస్సు వేసుకుంది. "మరణాలు సున్నా" అంటోంది. తలుపు తోసుకుని లోపలికి పోయాను.

"గంగులప్పా, తర్వాత రా" అంది మేడం.

"సున్నా కాదు మేడం."

నేను ఆ గదిలో ఎప్పుడూ నోరు విప్పింది లేదు.

"ఏం సున్నా కాదు?"

"చచ్చినాయి. నేను ఏరేసినా. ఏరి, మిగులు తట్టలోంచి నింపినా. నూరు ఉండల్ల అనింది కదా."

తస్లీమ్ మొహం తెల్లబోయింది. "తాతా, నేను చెప్పింది మొదటి రోజు లెక్క... నువ్వు రోజూ నింపినావా?"

"ఊ."

"ఎన్ని?"

"గోడ మీద ఉండాయి."

బల్ల వెనక ఒకాయన పెన్ను మూత పెట్టాడు. "ఇక ఈ పరీక్షకు అర్థం లేదు" అన్నాడు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ ఏడవలేదు. నోటుబుక్కు చంకలో పెట్టుకుని నాకంటే ముందు షెడ్డుకు నడిచింది. మేడం వెనకే వచ్చింది. నా కొడుకు చేతుల సంగతి దారిలో చెప్పాను. మేడం ఒక చోట గోడ పట్టుకుని ఆగిపోయింది.

ముగ్గురం కలిసి ఆకుల అర జరిపాం. మూడు పంటల గీతలు. తట్టకు ఒక వరస, రోజుకు ఒక గుంపు. చాలావాటి మీద అడ్డగీత.

మేడం చుక్క తట్టల వరసలు లెక్కపెట్టింది. ఒక పంటలో నూటికి ముప్పై ఒకటి. ఇంకోదాంట్లో నలభై. మొత్తం కూడకుండానే పక్కన బోర్లించిన గంప మీద కూర్చుండిపోయింది.

"నాకు ఎందుకు చెప్పలేదు గంగులప్పా?"

"షెడ్డులో ఆ మాట ఎత్తం మేడం."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నేనన్నా అడగాల్సింది. నూటికి నూరు వస్తే అనుమానపడమని పిల్లలకు నేనే చెప్తాను" అంది. ఎవరికి చెప్పుకుంటోందో తెలియదు.

తస్లీమ్ మాత్రం గోడ వదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు గోడకు ఆనించినట్టు చూస్తోంది.

"తాతా, ఈ అడ్డగీతలు ఏంది?"

"తేరుకున్నవి. బుట్టలో వట్టి ఆకు మీద పెడితే తల ఎత్తి జ్వరానికి కూర్చున్నాయి. లేచినాక మామూలే."

"అంటే నిద్రపోయినాయి!" అంది ఆ పిల్ల. మేడం లేచి వచ్చింది.

"ఈ గుంపులో పదికి తొమ్మిదిటికి అడ్డగీత ఉంది. దీంట్లో ఐదే. ఎందుకు? ఇది ఏ రోజు తాతా?"

వేలితో గుంపులు దాటి చూశాను. "సోమవారం."

"ఇది?"

"అదీ సోమవారమే."

"ఆదివారం నువ్వు రావు. వాచ్‌మన్ ఆకు వేస్తాడు, అంతే కద? వాడు ఏరడు!" ఆ పిల్ల గొంతు లేచింది. "అంటే సోమవారం నువ్వు ఏరేవి అప్పటికే ఒక రోజు ఎక్కువ ఊగినాయి. అందుకే సగమే తేరుకున్నాయి. మరి ఇదేంది, ఒక్క అడ్డగీతా లేదు?"

"పండగ సెలవులు. మూడు రోజులు నాకు గేటు తీయలేదు, వాచ్‌మనే ఆకు వేసినాడు."

తస్లీమ్ ఆ గుంపును వేలితో లెక్కపెట్టింది. పదిహేడు గీతలు. వట్టి గీతలు.

"మీ కొడుకు ఎప్పట్నుంచి ఊగుతున్నాడు?" అని మేడం అడిగింది. అప్పటిదాకా నన్ను నువ్వనే పిలిచేది.

"మొన్నట్నుంచి."

"పురుగు రోజు మనిషికి ఎన్ని రోజులో..." అంటూ తస్లీమ్ ఆపేసింది.

మేడం అక్కడే నిలబడి ఆరుగురికీ ఫోను చేసింది. చుక్క ఆపేయమంది. అందరి ఇళ్లకూ బండి పంపింది. నలుగురికి ఇంకా ఏమీ కాలేదు. ఐదోవాడు అంజి. ఆరో మనిషి సుగుణ, ఆసుపత్రి నర్సు. వారం నుంచి ఆమె వేళ్లు గాల్లో సూది ఎక్కిస్తున్నాయట. ఎక్కిస్తూ, తీస్తూ, మళ్లీ ఎక్కిస్తూ. ఇంట్లోవాళ్లు డ్యూటీ ఎక్కువై అలవాటుగా అట్లా చేస్తోంది అనుకున్నారట.

నేను ఇంటికి పోయాను. అంజి చీకటి గదిలో మంచం మీద కూర్చుని బండి తోలుతున్నాడు. భాగ్య వాడి వీపు రాస్తోంది. రెండు రోజులు అట్లే తోలాడు. వాడి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. మాట్లాడటం నాకు రాదు. వచ్చి ఉంటే ఆ రోజు కొడవలి పక్కన పెట్టి నాలుగు మాటలు చెప్పి ఉండేవాణ్ని. ఊగేవి కొన్ని ఏరినాను రా అని. అంత చాలు. వాడు సంతకం పెట్టేవాడు కాదు.

మూడో రోజు మధ్యాహ్నం భాగ్య గొంతు వినబడింది. "మామా, చూడు!"

అంజి మెడ ఎత్తి చూరు వైపు చూస్తున్నాడు. చేతులు ఒడిలో పడి ఉన్నాయి. కదలడం లేదు. మంచం మీదికి మెల్లగా ఒరిగాడు. గుర్రు పెట్టాడు. ఆ గుర్రు విని భాగ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రెండు రోజులు నిద్రపోయాడు. లేచి నీళ్లడిగాడు. అన్నం తిన్నాడు. బిడ్డను పేరు పెట్టి పిలిచాడు. నాలుగు రోజుల తర్వాత బండి దగ్గరికి పోయాడు. నేనూ పోయాను. తాళం తిప్పాడు. స్టీరింగు మీద చేతులు పెట్టాడు. పెట్టిన చేతులు జారి తొడల మీద పడ్డాయి. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడ్డాయి. సంగటి ముద్ద తుంచుతాయి, బిడ్డను ఎత్తుకుంటాయి. ఆ చక్రం మాత్రం పట్టవు.

"పోనీలే నాయనా" అన్నాడు దిగుతూ. "ఘాటు ఎక్కే పని తప్పింది."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా కొడుకు కదా.

తస్లీమ్‌కు ఆ ఏడు క్రెడిట్లు రాలేదు. నాలుగింటికీ సున్నా వేశారు. ఎమ్మెస్సీ సీటు పోయింది. నా ఉద్యోగం పోతుందనుకున్నాను. మేడం పోనివ్వలేదు. తన మీద విచారణ వేయించుకుంది కానీ నన్ను పంపించలేదు. సుగుణ ఇంకా నిద్రపోలేదు. ఆసుపత్రిలోనే పడుకోబెట్టి రోజూ మందులు మారుస్తున్నారు. వేళ్లు సన్నబడ్డాయి. మూడు రోజులు దాటి ఊగిన పురుగును తిరిగి జ్వరానికి కూర్చోబెట్టేది ఏదైనా ఉందా? అది తేలాలంటే మళ్లీ తట్టలు పెట్టాలి. ఈసారి ఊగేవాటిని ఊగనివ్వాలి.

జనవరిలో తస్లీమ్ మళ్లీ వచ్చింది. అదే నోటుబుక్కు, కొత్త పేజీ.

"మళ్లీ చేస్తావా?" అన్నాను.

"ఎవరో ఒకరు చెయ్యల్ల కద తాతా. ఈ గోడ చదవడం నాకే వచ్చు." పెన్ను తీసింది. "ఈసారి ఏరొద్దు. నింపొద్దు. నీ చేతులు కట్టేసుకో."

"ఊ."

అంజి కాలేజీలో ఆకు కోసే పనికి వచ్చాడు. పొద్దున్నే గంప నిండా ఆకు తెచ్చి షెడ్డు గడప దగ్గర దించుతాడు. లోపలికి రాడు. పురుగులను చూడడు. వానచప్పుడు మొదలయ్యే దాకా నిలబడి, తర్వాత వెళ్తాడు.

ఇరవై మూడో రోజు ఏడో తట్ట మీద చెయ్యి ఆడించాను. వేలికి తెలిసింది. ఆకు అంచున ఒకటి, నిండుగా, నిగనిగలాడుతూ, తల తిప్పుతోంది. కుడికి, కిందికి, ఎడమకు, పైకి. దారం లేదు.

నా రెండు వేళ్లూ దాని మీదికి పోయాయి. నలభై ఏళ్లుగా పోయినట్టే పోయాయి. పట్టుకోబోయి ఆగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాను. గడప దగ్గర అంజి గంప దించుతూ నన్ను చూశాడు. తట్టల నిండా పురుగులు మేస్తున్నాయి, వింటే విననీ.

"తస్లీమూ" అని గట్టిగా పిలిచాను. "ఏడో తట్ట. రోగం తగిలింది. ఊగుతాంది. రాసుకోమ్మా."